గడ్డ కరిగించే సూది పడ్డాక మనిషి ఎంత కోలుకున్నాడు? ఇంట్లోవాళ్లు లెక్కగట్టే పద్ధతి

ముందు వంద పేజీల నోట్‌బుక్ ఒకటి కొనండి. ఫోన్‌లో రాసుకుంటాం అనుకోవద్దు. ఆ ఫోన్ కొడుకు జేబులో హైదరాబాద్ వెళ్లిపోతుంది, మనిషి ఊళ్లోనే ఉంటాడు. నోట్‌బుక్ మంచం పక్కనే ఉండాలి, పెన్ను దారంతో దానికే కట్టి ఉండాలి.

నేను నల్లగొండలో ఫిజియోథెరపిస్టును. పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి వ్యాయామం చేయిస్తుంటాను. మునుగోడు, చండూరు, దేవరకొండ రోడ్డు మీది ఊళ్లు, అప్పుడప్పుడు కల్వకుర్తి దాకా పోతాను. ఏ ఇంట్లో “ఎట్లున్నడు?” అని అడిగినా వచ్చే జవాబు “జర నయమే”. వారం తర్వాత అడిగినా జర నయమే, నెల తర్వాత అడిగినా జర నయమే. పుణెకు పనికి పోయిన కొడుకు ఫోన్ చేసి అడిగినా తల్లి ఆ మాటే చెబుతుంది. దాన్నిబట్టి కొడుకు సెలవు పెట్టి రావాలో వద్దో తెలియదు. మందు మార్చాలో వద్దో డాక్టర్‌కు తెలియదు. వ్యాయామం పని చేస్తోందో లేదో నాకూ తెలియదు.

మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చినప్పుడు, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఆల్టెప్లేస్ గానీ టెనెక్టెప్లేస్ గానీ అనే సూది మందు ఇస్తే గడ్డ కరిగే అవకాశం ఉంటుంది. ఆ సమయానికి దవాఖాన చేరి సూది వేయించుకోగలిగారంటే మీరు పెద్ద పని చేసినట్టే. దాని ఫలితం ఎంతో కొలిచే పని మాత్రం ఆ తర్వాత మూడు నెలలు సాగుతుంది. అందులో ఎక్కువ భాగం ఇంట్లోనే, మీ చేతుల మీదుగానే జరుగుతుంది.

మొదటి పేజీ: జబ్బుకు ముందటి మనిషి

పక్షవాతం రావడానికి ముందు వారంలో ఆ మనిషి ఏమేం చేసేవాడో మొదటి పేజీలో రాయండి. పొద్దున లేచి బర్రె పాలు పిండేవాడా? బత్తాయి తోటకు పోయి మోటారు వేసి వచ్చేవాడా? ఒక్కడే బస్సెక్కి నల్లగొండ వచ్చిపోయేవాడా? పైసల లెక్క తనే చూసుకునేవాడా? ఆడమనిషైతే వంట ఎవరిది, జొన్న రొట్టె తనే చేసేదా, పత్తి ఏరడానికి పోయేదా, సంఘం పైసలు బ్యాంకులో కట్టి వచ్చేదా అన్నది రాయండి. “ఆరోగ్యంగా ఉండేవాడు” అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మూడు నెలల తర్వాత పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

మా జిల్లావాళ్లు ఇంకో సంగతి తప్పక రాయాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లలో చాలామందికి వెన్ను, మెడ, మోకాళ్లు ముందే బిగుసుకుపోయి ఉంటాయి. ఆ బిగుతును పక్షవాతం లెక్కలో వేస్తే కొలతంతా తప్పుతుంది. కొన్నేళ్ల కిందట నేనే ఈ తప్పు చేశాను. ఒక పెద్దాయన కుడి మోకాలు పూర్తిగా వంగడం లేదని, కింద కూర్చోలేకపోతున్నాడని, అదంతా పక్షవాతం వల్లేనని రాసుకుని నెల రోజులు ఆ మోకాలి మీదే కష్టపడ్డాను. ఒకరోజు ఆయన భార్య నాకు మజ్జిగ గ్లాసు అందిస్తూ, “ఆ మోకాలు పదేండ్ల సంది వంగదు బిడ్డా, దాన్నెందుకు తిప్పలు పెడుతున్నవ్?” అంది. అప్పటిదాకా నేను అడగలేదు కాబట్టి వాళ్లు చెప్పలేదు. ఆ నెల రోజుల శ్రమ నిజానికి ఆయన చేతికి అందాల్సింది. ఇప్పటికీ ఆ ఇంటి ముందు నుంచి పోతే నాకు అదే గుర్తొస్తుంది.

కాబట్టి పాత మోకాలి నొప్పి, పాత నడుము నొప్పి, చూపు, వినికిడి, చేతికర్ర వాడేవాడా లేదా అన్నవన్నీ మొదటి పేజీలోనే పడాలి.

రెండో పేజీ: టైములు, అంకెలు

మనిషి చివరిసారి మామూలుగా కనిపించిన టైమ్ రాయండి. మీరు చూసిన టైమ్ కాదు, పక్కాగా బాగున్నాడని ఎవరైనా చెప్పగలిగిన చివరి టైమ్. రాత్రి పదింటికి మాట్లాడి పడుకున్నాడు, ఐదింటికి లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంది అంటే రాత్రి పది అనే రాయాలి. తర్వాత దవాఖాన చేరిన టైమ్, సూది వేసిన టైమ్, మందు పేరు.

ఆ తర్వాత ఒక అంకె అడిగి రాయించుకోండి. “సార్, సూదికి ముందు ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ స్కోరు ఎంత?” అని అడిగితే చాలు. అడగడం తప్పేమీ కాదు, మర్యాదగా అడిగితే చెబుతారు. పక్షవాతం ఎంత తీవ్రమో చెప్పే కొలత ఇది, 0 నుంచి 42 దాకా ఉంటుంది. అంకె పెరిగినకొద్దీ దెబ్బ పెద్దదని అర్థం. 4 లోపు ఉంటే తేలిక, 5 నుంచి 15 దాకా మధ్యరకం, 20 దాటితే తీవ్రం అనుకోవచ్చు. చెయ్యి చాపి పది సెకన్లు నిలపమంటారు, పడుకున్నవాళ్ల కాలు ఎత్తి ఐదు సెకన్లు నిలపమంటారు, నవ్వమంటారు, వస్తువుల పేర్లు చెప్పమంటారు. ఒక్కోదానికీ మార్కు వేస్తారు. నేర్చుకున్నవాళ్లే చేయాల్సిన పరీక్ష ఇది. ఇంట్లో మీరు వేయకండి, వాళ్లు వేసిన అంకెను దాచుకోండి.

దీనిలో ఒక లోటు ఉంది, అది తెలిసి ఉండటం మంచిది. 42 మార్కుల్లో భాషకు సంబంధించినవి 7, ఒక పక్కను పట్టించుకోకపోవడానికి ఉన్నవి 2 మాత్రమే. మాట పోయిన మనిషికి స్కోరు పెద్దగా వస్తుంది. మాట నిలిచి ఎడమ పక్క మొత్తం గమనికలోంచి జారిపోయిన మనిషికి చిన్నగా వస్తుంది. స్కోరు చిన్నదే అని నిశ్చింతగా ఇంటికి వచ్చి, తర్వాత గడప తగిలి పడినవాళ్లను చూశాను.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో సూది వేసి హైదరాబాద్‌కు పంపిస్తే దారిలో వంద కిలోమీటర్లున్నాయి. కాగితాలు జారిపోయేది ఇక్కడే. అంబులెన్స్ ఎక్కే ముందు సూది వేసిన టైమ్, మందు పేరు, స్కోరు, అప్పటి బీపీ మీ నోట్‌బుక్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. అక్కడ దిగాక మళ్లీ స్కోరు అడిగి పక్కనే రాయండి.

మొదటి 24 గంటలు: కొలవకండి, కనిపెట్టి ఉండండి

ఈ రోజు కొలత దవాఖాన వాళ్ల పని. సూది పడ్డాక మొదటి రెండు గంటలు పావుగంటకోసారి, ఆ తర్వాత ఆరు గంటలు అరగంటకోసారి, తర్వాత 24 గంటలు నిండేదాకా గంటకోసారి బీపీ, స్పృహ, చెయ్యీ కాలూ చూస్తారు. బీపీని 180/105 దాటనివ్వరు. నిద్రలో ఉన్న మనిషిని అస్తమానం లేపుతున్నారని సిస్టర్‌తో గొడవ పడకండి. ఆ లేపడంలోనే లోపల ఏదైనా తేడా జరిగితే దొరికిపోతుంది.

అటెండర్‌గా కూర్చున్న మీ పని కనిపెట్టి ఉండటం. తలనొప్పి ఉన్నట్టుండి గట్టిగా వచ్చినా, వాంతి అయినా, ఇంతదాకా మాట్లాడినవాడు మత్తుగా పడిపోయినా, చెయ్యి కాస్త లేచింది మళ్లీ పడిపోయినా, పెదవో నాలుకో వాచినా ఆ క్షణమే సిస్టర్‌ను పిలవండి. గడ్డ కరిగించే మందుతో మెదడులో రక్తస్రావం కావడం అనే ప్రమాదం ఉంది. 1995లో అచ్చయిన పెద్ద అమెరికా పరిశోధనలో ఈ మందు తీసుకున్నవాళ్లలో 6.4 శాతం మందికి లక్షణాలతో కూడిన రక్తస్రావం వచ్చింది, తీసుకోనివాళ్లలో 0.6 శాతానికి. ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ 4 లేదా అంతకంటే ఎక్కువ పెరిగితే డాక్టర్లు వెంటనే తలకు సీటీ స్కాన్‌కు పంపేది ఇందుకే. ఇంటి నుంచి తెచ్చిన ఆస్పిరిన్ గానీ, పెద్దమ్మ ఇచ్చిన పసరు గానీ, ఒక్క గుటక నీళ్లు గానీ వాళ్లను అడగకుండా నోట్లో పెట్టకండి. ఆస్పిరిన్ మామూలుగా 24 గంటల తర్వాత మళ్లీ సీటీ తీసి రక్తస్రావం లేదని చూశాకే మొదలుపెడతారు.

24 గంటలకు మళ్లీ ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ వేస్తారు. మొదటిదానికంటే 4 తగ్గితే మంచి గుర్తు. రాసుకోండి. తగ్గకపోతే?

ఇక్కడే ఇంట్లోవాళ్లు కూలబడిపోతారు. లక్షలు పోశాం, సూది వేయించాం, చెయ్యి లేవలేదు అంటారు. పైన చెప్పిన ఆ 1995 పరిశోధన సంగతే చెబుతాను, ఇది నాకు చదివిన ప్రతిసారీ ధైర్యం ఇచ్చే ముక్క. దాని మొదటి భాగంలో 24 గంటల దగ్గర చూస్తే మందు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ నిలకడగా చెప్పదగ్గ తేడా కనిపించలేదు. అదే మనుషులను మూడు నెలల దగ్గర చూస్తే తేడా తేటగా వచ్చింది. మందు తీసుకున్నవాళ్లు వైకల్యం దాదాపు లేకుండా బయటపడే అవకాశం కనీసం 30 శాతం ఎక్కువగా ఉంది. అంతా మరుసటి రోజే చూసి తేల్చేసి ఉంటే ఈ మందు లోకానికే అందేది కాదు. మీ మంచం దగ్గరా అంతే. రెండో రోజు తీర్పు ఇవ్వకండి.

డిశ్చార్జ్ రోజు

సమ్మరీలో మందుల పేర్లు ఉంటాయి, కొలతలు తరచూ ఉండవు. రెండు అడిగి రాయించండి: ఇంటికి పోయే రోజు ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్, మింగడం పరీక్షలో ఏం తేలింది. మింగడం సరిగా లేకపోతే పల్చటి నీళ్లకంటే చిక్కటి జావ సురక్షితమా, కూర్చోబెట్టి ఎలా తాగించాలి అన్నది అక్కడే చూపించమనండి. తాగినప్పుడు దగ్గు వస్తోందా, గొంతు గరగరమంటోందా అన్నది మీ నోట్‌బుక్‌లో రోజూ రాయాల్సిన ఒకే ఒక్క విషయం. మిగతావన్నీ వారానికోసారి.

ఇంట్లో: అంగడి రోజున బార్తెల్

రోజూ కొలిస్తే మనసు విరుగుతుంది, నెలకోసారి కొలిస్తే జారిపోయింది తెలియదు. మీ ఊళ్లో వారానికోసారి అంగడి జరిగే రోజుంటుంది కదా, ఆ రోజు పెట్టుకోండి, మరిచిపోరు. ఒకే టైమ్, ఒకే మనిషి మార్కులు వేయాలి.

వాడేది బార్తెల్ ఇండెక్స్. 1965 నుంచి వాడుకలో ఉన్న కొలత, మొత్తం 100 మార్కులు, ఎక్కువ వస్తే మంచిది. పది పనులు చూస్తుంది. తిండి, బట్టలు వేసుకోవడం, దొడ్డికి ఆపుకోవడం, మూత్రం ఆపుకోవడం, లెట్రిన్‌కు వెళ్లి రావడం, మెట్లు ఎక్కడం ఒక్కోదానికి 10. స్నానానికి 5, మొహం కడిగి తల దువ్వి పళ్లు తోముకోవడానికి 5. మంచం మీంచి కుర్చీలోకి మారడానికి 15, నడకకు 15. సొంతంగా చేస్తే పూర్తి మార్కులు, కొంత సాయంతో అయితే మధ్య అంకె, అసలు చేయకపోతే సున్నా. స్నానానికీ మొహం కడుక్కోవడానికీ మధ్య అంకె లేదు, ఐదు లేదా సున్నా. మూత్రపు పైపు ఉండి దాన్ని తను చూసుకోలేకపోతే సున్నా. ఎప్పుడో ఒకసారి బట్టలు తడిస్తే 5. నడకలో ఒక మనిషి చెయ్యి పట్టుకుంటే, లేదా పక్కన ఉండి “కాలు ఎత్తు, ఎత్తు” అని చెబుతూ ఉంటే 10. చేతికర్రతో ఒక్కడే ఓ 45 మీటర్లు నడిస్తే 15. కర్ర వాడినందుకు మార్కు పోదు.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. చేయగలడా అని మార్కు వేయకూడదు, చేశాడా అని వేయాలి. నిన్నా మొన్నా నిజంగా ఏం జరిగిందో అదే రాయాలి. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే కొలత సగం వచ్చేసినట్టే.

తిండి దగ్గర చూద్దాం. ఒక ఇంట్లో మధ్యాహ్నం అన్నం టైముకు కూర్చున్నాను. పెద్దాయనకు కుడి చెయ్యి ఇంకా బలం లేదు. కోడలు కంచం తెచ్చింది, పప్పు పోసి కలిపింది, అత్త పక్కన కూర్చుని ముద్ద చేసి నోట్లో పెట్టింది. ఆయన ఎడమ చెయ్యి మోకాలి మీద ఖాళీగా ఉంది. మార్కు ఎంత అని అడిగితే కొడుకు “పది, తింటడు గద సార్” అన్నాడు. నిజానికి సున్నా, ఎందుకంటే తింటున్నది ఆయన, తినిపిస్తున్నది ఆమె. ఎడమ చేత్తో తినడానికి ఆయన ఒప్పుకోవడం లేదు. పెద్దవాళ్లలో ఇది మామూలే, ఆ చెయ్యి అన్నానికి కాదని చిన్నప్పటి నుంచి పెరిగారు. నేను చెంచా ఇచ్చి, చెంచాతో తింటే చెయ్యి తగిలినట్టు కాదు నాయనా అన్నాను. నాలుగు రోజులు మొహం తిప్పుకున్నాడు. ఐదో రోజు, అందరూ చేలో ఉన్నప్పుడు, కోడలు కలిపి పెట్టిపోయిన కంచాన్ని చెంచాతో ఖాళీ చేశాడు. ఆ వారం తిండికి 5 వేశాం. కలిపింది వేరేవాళ్లు, తిన్నది తను కాబట్టి. ఏ చేత్తో తిన్నాడన్నది బార్తెల్‌కు అవసరం లేదు.

ఎడమ పక్క పడిపోయినవాళ్లకు ఇదే చిక్కు లెట్రిన్ దగ్గర వస్తుంది. కడుక్కునే చెయ్యి పని చేయదు. ఎవరినీ పిలవలేక తిండే తగ్గించుకున్న ఒక అవ్వను చూశాను, ఇంట్లోవాళ్లు ఆకలి లేదేమో అనుకున్నారు. పైపు జెట్, ఎత్తయిన కమోడ్ కుర్చీ పెట్టాక ఆమె సొంతంగా వెళ్లి రావడం మొదలైంది. అలా సామానుతో వెళ్లొచ్చినా పూర్తి 10 వేయొచ్చు. కింద కూర్చునే లెట్రినా, కమోడా అన్నది మాత్రం పక్కన రాయండి. సామాను మారిన వారం మార్కు పెరిగితే కారణం తెలుస్తుంది.

సాయం అంటే ప్రేమ అనుకునే ఇళ్లలో మార్కు పెరగదు. నేను చెప్పేది కఠినంగా ఉండమని కాదు. ఒక పని మొత్తం చేసి పెట్టే ముందు పదిసార్లు ఊపిరి తీసుకునేంత సేపు ఆగండి. చొక్కాలో చెయ్యి దూర్చడానికి ఆయనకు నాలుగు నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి.

నడక, చెయ్యి: రెండు చిన్న పరీక్షలు

బార్తెల్‌లో నడకకు 15 వచ్చేసిన తర్వాత ఇంకా మెరుగవుతున్నాడా లేదా తెలియాలంటే గడియారం కావాలి. ఇంటి ముందు గచ్చు మీదో సీసీ రోడ్డు మీదో 14 మీటర్లు కొలిచి, రెండు చివర్లా రెండేసి మీటర్లు వదిలి, మధ్యలో 10 మీటర్లకు ముగ్గుతో గీత గీయండి. ఆయన మొదటి నుంచి చివరిదాకా మామూలు వేగంతో నడుస్తాడు. మీరు మధ్య గీత నుంచి గీతకు ఫోన్ స్టాప్‌వాచ్‌తో టైమ్ చూస్తారు. పడిపోకుండా ఒకరు పక్కనే నడవాలి, కానీ ముట్టుకోకూడదు. ప్రతిసారీ అదే చెప్పు, అదే కర్ర. 10 మీటర్లకు 25 సెకన్లకంటే ఎక్కువ పడితే ఆ నడక ఇంటి లోపలికి సరిపోయేది. 12 సెకన్ల దగ్గరికి వస్తే ఊళ్లో తిరగడానికి, రోడ్డు దాటడానికి సరిపడే నడక. 40 నుంచి 31కి, 31 నుంచి 26కి దిగుతున్న అంకెలు చూస్తే ఆ మనిషి మొహంలో వచ్చే వెలుగు నాకు తెలుసు.

చేతికి నేను పల్లికాయలు వాడతాను. ఒక గిన్నెలో గుప్పెడు పల్లికాయలు పోసి, పడిపోయిన చేత్తో ఒక్కొక్కటీ పక్క గిన్నెలోకి వేయమనండి. ఒక నిమిషంలో ఎన్ని వేస్తే అంత. దవాఖానల్లో చెక్క ముక్కలతో ఇలాంటి పరీక్షే ఉంది. పల్లికాయల లెక్కను ఇతరులతో పోల్చకండి, ఆ మనిషి పోయిన వారంతోనే పోల్చండి. చెయ్యి అసలు లేవని దశలో ఈ పరీక్ష పెట్టి ఏడిపించకండి. అప్పుడు వేళ్లు కదిలాయా, మోచెయ్యి వంగిందా అన్నది రాస్తే చాలు. లేవడానికి సాయం చేస్తున్నాం అని ఆ చెయ్యి పట్టుకుని గుంజకండి. భుజం జారి నొప్పి మొదలైతే నెలల తరబడి అన్ని కొలతలూ కిందికే వస్తాయి.

అంకెల్లో పడనివి

కంచం చూడండి. అన్నం కుడి సగం తిని, ఎడమ సగం అట్లాగే వదిలేసి “ఇంక లేదు” అంటే అది ఆకలి సంగతి కాదు. మెదడు ఎడమ పక్కను చూడటం మానేసింది. కంచం తిప్పి పెట్టి చూడండి, మిగతాదీ తినేస్తాడు. ఇది కనిపిస్తే తేదీతో రాసి డాక్టర్‌కు చెప్పండి, పైన చెప్పిన స్కోరులో దీనికి చోటు తక్కువ కాబట్టి. అలాంటి మనిషిని బండి నడపనివ్వకండి, రోడ్డు మీద ఎడమ పక్క మీరు నడవండి.

మాట విషయంలో రెండు వేరు చేసుకోండి. నోరు తడబడి మాట ముద్దగా వస్తోందా? అది నోటి కండరాల సంగతి. మాట తేటగానే ఉంది కానీ చెంబును గొలుసు అంటున్నాడా, చెప్పింది అర్థం కావడం లేదా? అది భాష సంగతి. తాళం, చెంబు, దువ్వెన, చెప్పు, పలుపుతాడు, ఇలా ఇంట్లో తెలిసిన పది వస్తువులు చూపించి పేర్లు అడగండి. పదిలో ఎన్ని చెప్పాడో రాయండి. వారానికి రెండు వస్తువులు మార్చండి, లేదంటే బట్టీ పడతాడు.

మనసు. పక్షవాతం వచ్చిన ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి డిప్రెషన్ వస్తుంది. మా దిక్కు దీన్ని ఎవరూ జబ్బు అనుకోరు, “దిగులు పెట్టుకున్నడు” అంటారు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఇష్టం లేకుండా ఎన్ని రోజులు ఉన్నాడు, దిగులుగా, ఆశ లేకుండా ఎన్ని రోజులు ఉన్నాడు అని ఆయన్నే, ఒంటరిగా ఉన్నప్పుడు, అడగండి. సగానికంటే ఎక్కువ రోజులు అంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పాలి. మందు ఉంది. చచ్చిపోవాలని ఉంది అన్న మాట నోట వస్తే ఆ రోజే చెప్పాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. వ్యాయామానికి బద్ధకిస్తున్నాడని నేను తిట్టిపోసిన ఇద్దరు ముగ్గురి విషయంలో అసలు జబ్బు ఇదేనని తర్వాత తెలిసింది.

90వ రోజు: రాంకిన్

సూది పడిన రోజు నుంచి లెక్కబెట్టి 90వ రోజును క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టండి. ప్రపంచమంతా ఈ మందు ఫలితాన్ని ఎక్కువగా ఈ రోజునే కొలుస్తుంది. వాడే కొలత మోడిఫైడ్ రాంకిన్ స్కేల్. 0 నుంచి 6 దాకా ఏడు మెట్లు. చెయ్యి ఎంత లేచింది, కాలు ఎంత లేచింది అని అడగదు. మనిషి బతుకు ఎంత వెనక్కి వచ్చిందని అడుగుతుంది.

ఏ లక్షణమూ లేకపోతే 0. తిమ్మిరో కాస్త బలహీనతో ఉన్నా, ముందు చేసిన పనులన్నీ చేస్తుంటే 1. తన పనులు తను చూసుకుంటూ, ఎవరి సాయం లేకుండా రోజు గడిపేయగలిగి, ముందు చేసినవి మాత్రం కొన్ని చేయలేకపోతే 2. ఒక్కడే నడుస్తాడు కానీ రోజువారీ పనుల్లో కొన్నిటికి మనిషి కావాలంటే 3. సాయం లేకుండా నడవలేకపోతే, స్నానం, బట్టల లాంటి ఒంటి పనులు చేసుకోలేకపోతే 4. మంచానికే అంటుకుని, ఎప్పుడూ ఎవరో ఒకరు కావాల్సి వస్తే 5. ప్రాణం పోతే 6. పరిశోధనల్లో 0, 1 వస్తే చాలా మంచి ఫలితంగా, 2 దాకా సొంతంగా బతకగలిగినట్టుగా లెక్కేస్తారు.

దీన్ని అడిగే తీరు ముఖ్యం. “ఎట్లున్నవ్” అనొద్దు. “నిన్న పొద్దున లేచిన కాడి నుంచి పడుకునే దాకా ఏమేం చేసినవ్, చెప్పు” అని అడిగి, నోట్‌బుక్ మొదటి పేజీ తెరిచి పక్కన పెట్టుకోండి. ఒక బత్తాయి రైతు విషయంలో కొడుకు “అన్నీ చేస్తున్నడు, సున్నా రాయండి” అన్నాడు. బార్తెల్ 100 వచ్చింది కూడా. భార్యను పక్కకు పిలిచి అడిగితే, తోటలోకి పోతాడు కానీ మోటారు స్టార్టర్ దగ్గరికి పోడు, పాదులు తీయడు, పైసల లెక్క కొడుక్కి ఒప్పజెప్పాడు అంది. ముందు ఇవన్నీ చేసేవాడు, కాబట్టి 2. బార్తెల్ 100 అంటే మనిషి మామూలయ్యాడని కాదు, ఒంటి పనులు తను చేసుకుంటున్నాడని మాత్రమే. అందుకే రెండు కొలతలూ కావాలి.

ఆడవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా అడగాలి. “అమ్మకేంది, కూర్చుని తింటుంది” అంటారు. వంటింట్లోకి ఎప్పుడు మళ్లీ వెళ్లింది, రొట్టె చేయడం మళ్లీ మొదలుపెట్టిందా, పత్తి చేనుకు పోయిందా అని ఎవరూ అడగరు. ఆమె మొదటి పేజీ ముందు పెట్టుకోండి.

ఫ్లోరైడ్ వల్ల జబ్బుకు ముందే నడుము వంగి, ఒక్కతే నడుస్తున్నా రోజువారీ పనుల్లో కొన్నిటికి మనిషి సాయం కావాల్సిన ముసలామెకు అప్పటికే రాంకిన్ 3 ఉందనుకోండి. 90వ రోజున 3 వస్తే పక్షవాతం వల్ల పోయింది మొత్తం తిరిగి వచ్చిందన్నమాట. మొదటి పేజీ లేకపోతే ఆమెను కోలుకోని మనిషి కింద జమకట్టేస్తారు.

పుణెలో ఉన్న కొడుకు కూడా ఈ కొలత వేయొచ్చు. ఫోన్‌లో అడిగి వేయడానికి కుదిరే కొలత ఇది. అమ్మను ఒకసారి, నాయనను ఒకసారి, వీలైతే ఊళ్లో ఆశా కార్యకర్తను ఒకసారి అడగమనండి. ముగ్గురి మాటా ఒకటి కాకపోతే “నిన్న ఏం చేశాడు” అన్న ప్రశ్న దగ్గరికే మళ్లీ రండి.

కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు. 90వ రోజు తర్వాత నెలకోసారి, ఆరు నెలలకు, ఏడాదికి మళ్లీ వేయండి. వైకల్యం మిగిలి సదరం సర్టిఫికెట్‌కు వెళ్లాల్సి వస్తే ఈ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి, మనిషి ఏం చేయగలడో అక్కడ నోటితో చెప్పడం కష్టం.

అంకె పడిపోతే

వారం వారం పెరుగుతున్న బార్తెల్ ఒక్కసారిగా 10, 15 పడిపోతే ముందు జ్వరం, మూత్రంలో మంట, మలబద్ధకం, భుజం నొప్పి, కొత్తగా మొదలైన మాత్రలు, పైన చెప్పిన దిగులు చూడండి. చాలాసార్లు కారణం వీటిలోనే దొరుకుతుంది. పల్లె దవాఖానకో మీ డాక్టర్ దగ్గరికో రెండు మూడు రోజుల్లో వెళ్లండి. బీపీ ప్రతి వారం బాగున్న చేతికే చూసి రాయండి.

నిమిషాల్లో పడిపోతే, అంటే మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట ఆగినా ఏ లెక్కా వేయకుండా 108కి ఫోన్ చేయండి. పావురం రక్తం రుద్దించడానికో, పసరు మందు ఇచ్చే ఊరికో బండి తిప్పకండి. ఆ దారిలోనే నాలుగున్నర గంటలు కరిగిపోతాయి. ఈసారి డాక్టర్ తప్పకుండా అడిగే ప్రశ్న ఇంతకుముందు పక్షవాతం ఎప్పుడు వచ్చింది, ఏ సూది ఎప్పుడు పడింది అని. మూడు నెలలు కాకుండానే మళ్లీ వస్తే ఆ మందు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయమే మారుతుంది. అందుకని నోట్‌బుక్ అట్ట లోపలి వైపు స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసిపెట్టండి: పక్షవాతం వచ్చిన తేదీ, సూది పేరు, పడిన టైమ్, ఇప్పుడు వేసుకుంటున్న రక్తం పల్చబరిచే మాత్రల పేర్లు. అంబులెన్స్‌లో కూర్చునే మనిషి చేతికి ఆ నోట్‌బుక్ ఇచ్చి పంపండి.